ఇద్దరూ ఒక్కచోటే

మా ఇళ్ళల్లో చావు గురించి మాట్లాడటం తప్పు. చావడం మాత్రం తప్పు కాదు. మా అమ్మ మూడో కాన్పులో పోయింది, బిడ్డతో సహా. ఏడాది తిరక్కుండా బాపు పచ్చకామెర్లతో మంచాన పడ్డాడు. డెబ్భైల మొదటి రోజులవి. అప్పటికి నాకు తొమ్మిదేళ్ళు, తమ్ముడికి నాలుగు. వరంగల్ మట్టెవాడలో పెద్దబాపుకు ఇత్తడి సామాన్ల దుకాణం ఉండేది. బాపు అన్నకు సాయంగా అందులోనే పనిచేసేవాడు. దుకాణం వెనక రెండు గదుల్లో మా కాపురం.

బాపు ఒక్కరోజులో పోలేదు. ఆకు పసరు తాగాడు, పత్యం చేశాడు, దవాఖానకు వెళ్ళాడు, మళ్ళీ ఆకు పసరుకే తిరిగొచ్చాడు. నెలల తరబడి మంచంలో ఉన్న మనిషికి ఆలోచించుకోవడానికి బోలెడంత సమయం దొరుకుతుంది. ఆలోచించుకున్నాడు కూడా. ఒక మధ్యాహ్నం నాయనమ్మ గంజి తాగిస్తుంటే, "అవ్వా, నేను లేకుంటే పోరలిద్దరు..." అని ఏదో మొదలుపెట్టాడు. నాయనమ్మ గిన్నె కింద పెట్టి, తడి చేత్తో ఆయన నోరు మూసేసింది. "అసుంటి మాటలు ఇంట్ల అనొద్దు బిడ్డా, తథాస్తు దేవతలు తిరుగుతుంటరు" అంది. ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. నోరు మూసింది ప్రేమగల చెయ్యే, కాదనను. ఆ చెయ్యి మీద నాకు ఇప్పటికీ కోపమే.

బాపు ఏం చెప్పబోయాడో ఎవరికీ తెలియదు. తెలియదు కాబట్టి, ఆయన పోయిన పదో రోజున పెద్దవాళ్ళు తమకు తోచింది చేశారు.

మా వాళ్ళలో ఒక పద్ధతి ఉండేది. తల్లీ తండ్రీ పోయిన పిల్లల్ని పదో రోజు కర్మ ముగిశాక అందరి ముందూ ఒకరి ఒళ్ళో కూర్చోబెట్టేవారు. ఎవరి ఒళ్ళో కూర్చుంటే ఆ పిల్ల ఇక ఆ ఇంటిది. కాగితం లేదు, కలం లేదు, పిల్లల్ని అడగడం అసలే లేదు. ఇంతమందిమి చూశాం కదా, ఇంకేం సాక్ష్యం కావాలి అనేవారు. వినడానికి ఎంత ముచ్చటగా ఉందో చూడండి. కాకపోతే అందులో ఒక చిక్కుంది. ఒక ఒడిలో ఒక్క పిల్లే పడుతుంది.

తమ్ముణ్ణి పెద్దబాపు ఒళ్ళో కూర్చోబెట్టారు. మగపిల్లవాడు, ఇంటి పేరు వాడు, రేపు దుకాణంలో చేదోడుగా ఉంటాడు. నన్ను రఘునాథపల్లి నుంచి వచ్చిన మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టారు. తొమ్మిదేళ్ళ పిల్లని, కాళ్ళు నేలకు తగులుతుంటే మామ పంచె మీద బిక్కమొహం వేసుకుని కూర్చున్నాను. ఎవరో పెద్దాయన, "ఇగ ఫికర్ లేదు, ఇద్దరికి రెండిండ్లు దొరికినయి" అన్నాడు. అందరూ అవునన్నట్టు తలలూపి భోజనాలకు లేచారు. మా ఇద్దరికీ కావలసింది ఒక్క ఇల్లు. ఆ సంగతి అంతమంది పెద్దమనుషుల్లో ఒక్కరికీ తట్టలేదు.

మమ్మల్ని ఎవరూ కష్టపెట్టలేదు. ఇది ముందే చెప్పాలి, లేకపోతే పాపం మూటగట్టుకున్నదాన్నవుతాను. మామ బడికి పంపాడు. అత్త తన పిల్లలకు ఏది వడ్డిస్తే నాకూ అదే వడ్డించింది. మట్టెవాడలో తమ్ముడికీ అంతే. ఒక్క దెబ్బ కొట్టి ఉన్నా కోపం తెచ్చుకోవడం తేలికయ్యేది. మా మధ్య దూరం ఎంత? బస్సెక్కితే పూట పట్టదు. అయినా పొలం పనులు వదిలి నన్ను తీసుకొచ్చేవాళ్ళు లేరు, దుకాణం వదిలి వాణ్ణి తీసుకెళ్ళేవాళ్ళు లేరు. పెళ్ళికో పేరంటానికో కలిస్తే కలిసినట్టు.

అలా ఒక పెళ్ళిలో, వాడికి ఏడేళ్ళుంటాయేమో, నా విస్తట్లోని జిలేబీ తీసి వాడికివ్వబోయాను. వాడు చెయ్యి చాపలేదు. పెద్దమ్మ వైపు తిరిగి, "తీసుకోవాల్నా?" అని అడిగాడు. "తీస్కోరా, అక్కనే గదా" అంది పెద్దమ్మ. తీసుకున్నాడు. కొత్తవాళ్ళు పెట్టింది పిల్లలు ఎలా తింటారో అలా, నన్నే చూస్తూ తిన్నాడు. ఆ రోజే ఏదో గట్టి నిర్ణయం తీసుకున్నానని గొప్పలు చెప్పను. పన్నెండేళ్ళ పిల్ల నిర్ణయాలను ఎవరు లెక్కచేస్తారు? కోపం మాత్రం అప్పటిదే. దాన్ని ఎవరికీ చూపించకుండా దాచిపెట్టుకుని పెరిగాను.

పద్దెనిమిదేళ్ళకు నన్ను హన్మకొండలో ఇచ్చారు. మా ఆయనది మోటార్లు వైండింగ్ చేసే షాపు. కరెంటు హెచ్చుతగ్గులకు కాలిపోయిన బావి మోటార్లు చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఎడ్లబండ్ల మీద వచ్చేవి. రాగి తీగ చుట్టడంలో ఆయన చేతికి మంచి పేరుండేది. కూతురు పుట్టింది. దానికి మూడేళ్ళు నిండాక కొడుకు పుట్టాడు. ఇరవై ఒకటో రోజున వాణ్ణి తొట్టెలో వేస్తే, కూతురు తొట్టె అంచు పట్టుకుని నిలబడి, వచ్చినవాళ్ళందరికీ "వీడు నా తమ్ముడు" అని చూపించింది. ఒకావిడ సరదాకు, "మేం తీస్కపోతం, ఇస్తవా?" అంటే, దాని మొహం ఎర్రగా కందిపోయింది. చుట్టాలు ఇంకా గడప దాటక ముందే మా ఆయన్ని పక్కకు పిలిచి, మనం వీలునామా రాయాలని చెప్పాను.

"మనకేం ఆస్తి ఉన్నదని?" అన్నాడు.

"పిల్లలున్నరు గదా" అన్నాను.

ఆయన నవ్వాడు. నేను నవ్వడం లేదని చూసి కంగారుపడ్డాడు. "ఏందే, నేను సస్తనని సూస్తున్నవా?"

"మా బాపు గూడ సావాలనుకోలేదు. నువ్వు నూరేండ్లు బతుకు, ఎవలొద్దన్నరు? బతుక్కుంటనే రాయి."

వంటింట్లోంచి మా అత్తగారు గరిటెతో సహా వచ్చింది. "శుభం పలకరా మంకెన్నా అంటే పెండ్లిపిల్ల ముండ ఏడ సచ్చింది అన్నడట! పిలగాన్ని తొట్లెల ఏసిన పూట వీలునామలా?" అని నన్ను కడిగేసింది. ఉప్పూ ఎండుమిర్చీ తెచ్చి మా నలుగురికీ దిష్టి తీసి నిప్పుల్లో పోసింది. ఆ ఘాటుకు ఇల్లంతా దగ్గింది. నేను దగ్గుతూనే, "రాయాలె అత్తమ్మా" అన్నాను.

నాకు అర్థం కానిది ఒకటే. దుకాణానికి పైనొక తాళం కిందొక తాళం వేస్తారు. గుమ్మానికి గుమ్మడికాయ కడతారు, నిమ్మకాయలు కడతారు. బావిలో మోటారు కాలిపోతుందేమోనని ఇంకొకటి సిద్ధంగా ఉంచుకుంటారు. పిల్లల సంగతి వచ్చేసరికి "దేవుడున్నడు" అంటారు. మా అమ్మ పోయినప్పుడూ దేవుడున్నాడు. ఆయన ఉన్నాడు, మేము రెండిళ్ళలో పెరిగాము.

నీళ్ళ మోటారు బాగుచేయించుకోవడానికి మా షాపుకు ఒక ముసలి ప్లీడరు వచ్చేవాడు. ఉర్దూలో చదువుకున్న తరం మనిషి. ఆయన్ని నేనే అడిగాను. నన్ను చూసి ఎగతాళి చేస్తాడనుకున్నాను, చేయలేదు.

"వసీయత్ అంటే భూములు పంచుటానికే అనుకుంటరమ్మా అందరు" అన్నాడు. "చిన్నపిల్లలున్నోళ్ళే ముందుగాల రాయాలె. మా అసుంటి ముసలోళ్ళం రాస్తెంత, రాయకుంటెంత? మా పిల్లలు పెండ్లిళ్ళయి కొట్లాడుకునేటంత పెద్దగైండ్రు."

తర్వాత ఓపిగ్గా వివరించాడు. తండ్రి పోతే పిల్లలకు తల్లే గార్డియన్, దానికి ఏ రాతా అక్కర్లేదు. తల్లి పోతే తండ్రి ఉండనే ఉంటాడు. ఇద్దరూ లేని రోజు కోసమే ఈ కాగితం. "ఆ రోజు కోర్టు పిల్లల మంచి ఏందో సూస్తది. సూసే ముందు, తల్లిదండ్రి ఏం జెప్పిండ్రని అడుగుతది. అడిగిననాడు జవాబుండాలె గదమ్మా" అన్నాడు. మా బాపు దగ్గర జవాబుండింది. చెప్పనివ్వలేదు. ఆ మాట ఆ పెద్దాయనతో అనలేక, సరే సార్ అన్నాను.

"మరి ఎవల పేరు రాద్దాం?" అని అడిగాడు ప్లీడరు. అసలు గొడవ అక్కడ మొదలైంది.

మా ఆయన అన్నకు చౌరస్తాలో బట్టల దుకాణం. మర్యాదస్తుడు, ఎవరికైనా సాయం చేసే మనిషి. నా కథలో అందరూ మంచివాళ్ళే, నా ఖర్మ అది. నేను అడిగితే బావగారు నొచ్చుకున్నాడు. "గిది గూడ అడుగుతరా అమ్మా, నేను సచ్చిన్నా? పిలగాడు మా ఇంట్ల పెరుగుతడు."

"మరి పిల్ల?"

"ఆడపిల్లను మీ మామోళ్ళు సూసుకోరా? నిన్ను సూసుకోలేదా?"

చూసుకున్నారు. చూసుకోవడం ఎంతవరకో నాకంటే ఎవరికి తెలుసు? "ఇద్దరు ఒక్కింట్ల ఉండాలె బావా" అన్నాను.

"ఇద్దరంటే ఎవలికైన బరువే గదమ్మా. జర సోంచాయించు" అన్నాడు.

రఘునాథపల్లి వెళ్ళి మామను అడిగాను. "నీ బిడ్డ నా బిడ్డనే, కండ్లల్ల వెట్టుకుంట. పిలగాన్ని మాత్రం వాళ్ళోళ్ళు ఇయ్యరు బిడ్డా" అన్నాడు. తిరిగొచ్చే బస్సులో నాకు ఒళ్ళు మండిపోయింది. నేనూ మా ఆయనా గుండ్రాళ్ళలా ఉన్నాం, చిన్నవాడు ఇంకా పాలు మానలేదు, అప్పుడే పంపకాలు అయిపోయాయి. బావగారూ మామా ఒకరినొకరు సంప్రదించకుండానే ఒకే పంపకం చేశారు.

అప్పుడు తమ్ముడి దగ్గరికి వెళ్ళాను. వాడికి ఇరవై వచ్చాయి. పెద్దబాపు కొడుకులు దుకాణం చూసుకోవడం మొదలుపెట్టాక వాడికి అక్కడ చోటు తగ్గింది. ఎనుమాముల మార్కెట్లో రైతుల మిర్చిని కమీషన్ మీద అమ్మిపెట్టే ఒక అడ్తి దుకాణంలో, బస్తాలు తూకం వేసే కాంటా దగ్గర పనికి కుదిరాడు. యార్డు పక్కనే ఒక్క గది తీసుకుని ఉండేవాడు. నేను వెళ్ళింది మంచి సీజన్లో. గేటు దాటగానే తుమ్ములు మొదలై ఆగలేదు. వాడు తువ్వాల తడిపి ముక్కుకు కట్టుకొమ్మని ఇచ్చాడు. కట్టుకుని, పక్కన లారీల రొదలో గొంతు పెంచి అడిగాను.

"మేమిద్దరం లేకుంటే నా పిల్లల్ని నువ్వు సూడాలె."

వాడు కాంటా దగ్గర్నుంచి ఇవతలికి వచ్చాడు. "ఇద్దర్నా?"

"ఇద్దర్ని."

"ఒక్కకాడనేనా?"

"ఒక్కకాడనే. గట్ల కాకుంటే నీ దాక ఎందుకొస్త?"

"అయితే రాయించక్కా" అన్నాడు. మళ్ళీ తూకానికి వెళ్ళిపోయాడు. పెళ్ళి కాలేదనో, గది చాలదనో, వంట రాదనో ఒక్క సాకు చెప్పలేదు.

ఈ సంగతి తెలిసి బావగారు ఇంటికొచ్చాడు. "తా దూర కంత లేదు, మెడకో డోలు. పెండ్లిగాని పోరడు, కారం బస్తాల నడుమ ఇద్దర్నెట్ల సాదుతడు?" అన్నాడు. "ఎట్లనో సాదుతడు బావా, ఇద్దర్ని ఇడగొట్టడు" అన్నాను. తన తమ్ముడి భార్య అంత మాట అంటుందని ఆయన అనుకోలేదు. అత్తగారు కోపంతో ఒక పూట అన్నం మానేసింది. మర్నాడు నా ఎదురుగానే తింటూ, ముద్దకూ ముద్దకూ మధ్య నన్ను తిట్టింది. మా ఆయన అటు తల్లినీ అన్ననూ కాదనలేక, ఇటు నన్ను కాదనలేక షాపులోనే ఎక్కువసేపు గడిపేవాడు. నేను షాపుకే వెళ్ళి కూర్చుని, అప్పటిదాకా ఎవరికీ చెప్పని ఆ జిలేబీ సంగతి చెప్పాను. ఆయన తీగ చుడుతూనే విన్నాడు. చుట్టడం అయ్యాక, "సంతకం ఏడ వెట్టాలె?" అన్నాడు.

ప్లీడరు ఇంటి వరండాలో ఇద్దరం చెరొకటి రాశాం. సాక్షులుగా ప్లీడరు పక్కింటి డ్రిల్లు మాస్టారూ, మా షాపులో పనిచేసే అతనూ సంతకం చేశారు. అక్కాతమ్ముళ్ళను ఏ కారణం చేతా వేరు చేయకూడదు అని ఒక వాక్యం పట్టుబట్టి రాయించాను. "ఇది చట్టానికి అక్కర్లేదమ్మా" అన్నాడు ప్లీడరు. "నాకు అక్కరున్నది సార్" అన్నాను. ఆయన కళ్ళద్దాలు సరిచేసుకుని రాశాడు. నకలు ఒకటి తమ్ముడికి ఇచ్చాను.

ఏమీ కాలేదు. చావు గుమ్మం దాకా కూడా రాలేదు. అత్తగారికి మాత్రం పాలు విరిగినా, షాపులో మోటారు కాలినా ఆ కాగితమే కారణం. నేను వినీ విననట్టు ఊరుకునేదాన్ని.

మరుసటి ఏడాది కాజీపేటలో ఒక పెళ్ళికి వెళ్ళాం. పిల్లల్ని అత్తగారి దగ్గర వదిలి, స్కూటర్ మీద ఇద్దరమే వెళ్ళాం. తిరిగొస్తుంటే పత్తి లారీ ఒకటి మమ్మల్ని ఒరుసుకుంటూ పోయింది. గాల్లో తెల్లగా పత్తి పింజెలు ఎగరడం నాకు గుర్తుంది, అంతే. ఆ తర్వాతివి నేను చూసినవి కావు. అత్తగారూ, మా షాపులో పనిచేసే అతనూ విడివిడిగా చెప్పారు. ఇద్దరి మాటల్లో ఎక్కడా తేడా లేదు కాబట్టి నమ్ముతాను.

పెద్ద దవాఖానలో మేమిద్దరం వేర్వేరు వార్డుల్లో తెలివి లేకుండా పడి ఉన్నాం. ఏ సంగతీ ఇప్పుడే చెప్పలేమన్నారు డాక్టర్లు. అత్తగారు పిల్లలిద్దరినీ వెంటబెట్టుకుని వరండాలో కూర్చుంది. కబురందిన చుట్టాలంతా వచ్చారు. ఏడ్చారు, నిజంగానే ఏడ్చారు. ఏడ్చాక చాయ్ తాగారు. చాయ్ తాగాక బావగారు నా కొడుకును దగ్గరికి తీసుకుని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు. మామ నా కూతురి తల నిమిరి, "రా బిడ్డా, మనూరికి పోదాం" అన్నాడు. అది వెనకనుంచి తన చిన్న తమ్ముడి చొక్కా పట్టుకుని వదల్లేదట. విడిపించబోతే గుండీలు తెగిపోయాయట. లోపల వార్డుల్లో మేము ఊపిరి తీస్తూనే ఉన్నాం. పదో రోజు దాకా ఆగే ఓపిక కూడా లేకపోయింది వాళ్ళకు.

అప్పుడు తమ్ముడు వచ్చాడు. మార్కెట్ నుంచి పరుగున, ఒంటినిండా మిర్చి దుమ్ముతో వచ్చాడు. వాడు దగ్గరికి రాగానే వరండాలో సగం మంది తుమ్మారు. "పిల్లల్ని నేను తోల్కపోత" అని జేబులోంచి కాగితం తీశాడు.

బావగారు అందుకుని చదివాడు. కాగితాలు తెలిసిన మనిషి. "గిది వాళ్ళు పోయినంక పనికొచ్చేది తమ్మీ. వాళ్ళింక బతికే ఉన్నరు. గిప్పుడు దీనికి బలం లేదు" అన్నాడు. చట్టం ప్రకారం ఆయన అన్నది అక్షరాలా నిజం.

"బతికే ఉన్నరు గదా బావా" అన్నాడు తమ్ముడు. "మరి పంచుకునుడెందుకు?"

మామ తల దించుకున్నాడట. అప్పుడు మా అత్తగారు లేచింది. వీలునామా పేరెత్తితే నిప్పులు కక్కిన మనిషి, పెద్దకొడుకు ఒళ్ళోంచి నా కొడుకును లేపి మా తమ్ముడి చంకకు ఎక్కించింది. కూతురి చెయ్యి తెచ్చి వాడి చేతికిచ్చింది. "నేను నా కొడుకు మంచం కాడ ఉండాలె. నువ్వు తోల్కపో" అంది. ఆ కాగితం వల్లే ఇచ్చానని, ఆ తర్వాత ఎన్నిసార్లు అడిగినా ఆమె ఒప్పుకోలేదు. "కాగితం గీగితం నాకెర్కలేదు. పిలగాడు ఏడుస్తాండు, ఇచ్చిన" అనేది. సరే, అలాగే కానిమ్మన్నాను.

నాకు తెలివొచ్చాక మొదట అడిగింది మొగుడి గురించి కాదు. చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. తమ్ముడు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. "పిల్లలేరిరా?" అన్నాను.

"నా రూంల ఉన్నరక్కా. నేనొచ్చిన గదా, పక్కింటామె సూస్తాంది."

"ఇద్దరా?"

"ఇద్దరు" అన్నాడు. మా ఆయనకు కాలు విరిగిందనీ, తెలివొచ్చిందనీ, ప్రాణానికి భయం లేదన్నారనీ చెప్పాడు. నేను గట్టిగా ఊపిరి పీల్చబోతే పక్కలో కత్తి దిగినట్టయింది. ఎముకలు విరిగాయని అప్పుడు తెలిసింది.

"ఒక్కనివి ఎట్ల సాదినవ్‌రా?" అని అడిగాను. "బువ్వ? తానం? అవ్వా అని నా కోసం ఏడ్వలేదా?"

"నాకు పెద్దగ పని వడలేదక్కా" అన్నాడు. "బువ్వ పెడితె పిల్లనే తమ్మునికి తినవెట్టింది. వాడు ఏడిస్తె అదే ఊకుంచింది. నా దిక్కు సూడనే సూడలేదు. వాళ్ళకు వాళ్ళే సూసుకున్నరు." వాడు చేతులు ఒళ్ళో పెట్టుకుని, నిజంగా తెలియక అడిగే మనిషిలా అడిగాడు.

"ఇద్దరుంటె గట్లుంటదా అక్కా?"

పక్కటెముకలు అతుక్కునేదాకా గట్టిగా ఏడవకూడదని డాక్టరు చెప్పి వెళ్ళాడు. నేను ఏడ్చాను.